మా ఫ్రిజ్‌లో మనవరాలి ఉమ్మి

మా మనవరాలికి నాలుగేళ్లు. ఆటిజం ఉంది. కోడలు రోజూ హన్మకొండలోని ఒక థెరపీ కేంద్రానికి తీసుకెళ్తుంది. లోపలికి వెళ్లగానే పిల్ల ఏడ్చేది, బయట బెంచీ మీద కోడలు ఏడ్చేది. థెరపీ పిల్లకు మేలు చేస్తోందా, ఊరికే బాధ పెడుతోందా అన్నది మాకు తెలిసేది కాదు. ఇంకా మాటలు రాని పిల్లను అడగలేం కదా.

అప్పుడు అక్కడి డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. ఒత్తిడి ఎక్కువైతే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుందట. ఉమ్మి పరీక్షిస్తే అది తెలుస్తుందట. "ఇది ఇంకా పరిశోధనలో ఉన్న పద్ధతే. దీన్ని ఒక్కదాన్ని చూసి ఏదీ తేల్చం" అని కూడా అంది. ఆ మాట డైరీలో రాసుకున్నాను గాని చెవికెక్కించుకోలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ కరెంటు మీటర్లు పరీక్షించినవాణ్ణి. రీడింగ్ వస్తుందంటే ఇంకేం కావాలి? ఆ పని నాకు వదిలేయమన్నాను.

మొదటి నమూనా, పొద్దున్నే పిల్లను లేపి తీసుకెళ్తే, కేంద్రంలోనే తీశారు. మిగతావి ఇంట్లో తీయాలి. పిల్ల లేచాక, ఏమీ తినకముందు, తాగకముందు ఒక దూది చుట్ట నోట్లో పెట్టాలి. నానాక చిన్న గొట్టంలో వేసి ఫ్రిజ్‌లో దాచాలి.

గొడవ అక్కడే మొదలైంది.

"ఎంగిలి తెచ్చి పెరుగు పక్కకు పెడ్తాండ్రా? మీకేమన్న ఎక్కిందా?" అంది నా భార్య.

"మూత ఉంది కదనే."

"మూత పెడ్తె ఎంగిలి ఎంగిలి గాకుండ పోతదా?"

"నిన్న దాని పళ్లెంల మిగిలిన బువ్వ నువ్వే తింటివి గద?"

"అది పళ్లెం. ఇది ఫ్రిజ్."

ఈ తేడా నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చివరికి కూరగాయల అర ఖాళీ చేసి ఇచ్చింది. వంకాయలు, టమాటాలు వంటగట్టు మీదికి వచ్చాయి.

దూది చుట్టను పిల్ల ఊరికే నోట్లో పెట్టుకోదు. ముందు నేనొకటి నమిలి చూపించాలి. "మా ఆయన పొద్దుగాల్నే దూది నములుతాండక్కా, జర ఫికరైతాంది" అని నా భార్య పక్కింటామెతో చెప్పడం నా చెవులతో విన్నాను. అయినా మానలేదు. ప్రతి నమూనాకూ డైరీలో "పాప ఏమీ తీసుకోలేదు" అని రాసి కింద సంతకం చేశాను.

ఫలితాలు వచ్చాయి. ఇంట్లో తీసినవన్నీ మొదటిదానికంటే చాలా ఎక్కువ. కోడలి మొహం పాలిపోయింది.

"ఇగ బంద్ చేద్దాం మామయ్యా. మనమే పిల్లను సతాయిస్తానం."

డాక్టరమ్మ కాగితాలను తిప్పి తిప్పి చూసింది. "ఇంతగా పెరగడం నాకే నమ్మబుద్ధి కావడం లేదు. పొద్దున పాప ఏమన్నా తీసుకుంటుందా? మందు, బిస్కెట్టు, నీళ్లు?"

"చుక్క గూడ లేదు డాక్టరమ్మా" అని డైరీ తెరిచి సంతకాలు చూపించాను.

సరే, ఇక్కడొకటి తీసి చూద్దామని ఆమె దూది చుట్ట బయటికి తీసింది. పిల్ల నోరు తెరవలేదు. కుడి అరచేతిని దోసిలిలా వంచి, ఎడమ చెయ్యి దాని కింద పెట్టి, నా ముందు చాపింది. నా మొహంలోకి చూస్తూ అట్లాగే నిలబడింది.

"ఏమడుగుతోంది?" అంది డాక్టరమ్మ.

"తీర్థం" అంది కోడలు.

మా ఇంట్లో పిల్ల లేచే వేళకు నా భార్య దేవునికి అభిషేకం చేసి గంట కొడుతుంది. ఆ గంటకు పిల్ల నేరుగా దేవుడి దగ్గరికి వెళ్తుంది. తీర్థం నా భార్య అందరికీ ఇస్తుంది. నేనూ తీసుకుంటాను. దూది చుట్ట ఆ తర్వాతే.

"తీర్థంలో ఏముంటుంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఆవు పాలు, పెరుగు, తేనె."

"మరి ఏమీ తీసుకోలేదన్నారు?"

"తీర్థం తీసుకునుడు తినుడెట్లయితదమ్మా?" అన్నాను. నిజంగానే అడిగాను.

ఆవు పాలలో కూడా అదే హార్మోన్ ఉంటుందట. నోట్లో మిగిలితే పరీక్షలో అదీ కలుస్తుందట. అంటే అన్ని పొద్దులూ లేచి, దూది నమిలి, సంతకాలు పెట్టి, నేను కొలిచింది వర్ధన్నపేట నుంచి వచ్చే పాలవాడి ఆవు ఒత్తిడిని.

నేను సిగ్గుతో డైరీ మూస్తుంటే, డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టేసి థెరపిస్టును పిలిచింది. "పాప ఇట్లా చెయ్యి చాపి, మొహం చూసి ఎప్పుడన్నా అడిగిందా?"

"ఎన్నడు లేదు" అంది కోడలు. "ఏదన్న గావాల్నంటె ఏడుస్తది, లేకుంటె మా చెయ్యి వట్టి గుంజుతది."

"మురుకు ముక్కలు పెట్టుకుని నేను నేర్పుతున్నది అదే కదమ్మా" అంది థెరపిస్టు.

ఇంటికొచ్చి చెబితే నా భార్య దూది డబ్బా వైపు కోపంగా చూసింది. "ఇగ దేవుడు గూడ మీ దూది ఎనుకనే లైన్ల నిలబడాల్నా?" అంది గాని, మర్నాటి నుంచి దూది పనయ్యాకే గంట కొట్టింది.

కొత్త రీడింగులు మొదటిదానికి అటూ ఇటూగా వచ్చాయి. సంతోషించడానికీ లేదు, దిగులుపడటానికీ లేదు అంది డాక్టరమ్మ. కాగితం అందిస్తే కోడలు చూడకుండానే నా చేతిలో పెట్టింది. పిల్లను థెరపీ గది గుమ్మం దాకా నడిపించి, "రేపటి సంది అరగంట ఎక్కువ కూసోవెడ్తరా మేడం?" అని థెరపిస్టును అడిగింది.