సీసా డాక్టరమ్మ

ఆ పళ్ళ డాక్టరమ్మను వీధిలో అందరూ సీసా డాక్టరమ్మ అనేవారు. పాత వెండి ఫిల్లింగు తొలిచి తీసేటప్పుడు రాలే నలుసుల్లో పాదరసం ఉంటుంది. అవి ఉమ్మితోపాటు మురుగులోకి పోకుండా కుర్చీ కింద గొట్టానికి జల్లెడ బిగించి, సాయంత్రం తనే విప్పి, నలుసుల్ని నీళ్ళు పోసిన గాజుసీసాలో వేసి మూత బిగించేది. నిండిన సీసాను పాదరసం శుద్ధిచేసేవాళ్ళకు అప్పగించేది. పెళ్ళికి ముందు కాబోయే భర్తతోనూ ఆ సీసా గురించే మాట్లాడిందని, అయినా పారిపోలేదంటే బావది గట్టి గుండేనని చెల్లెలు ఏడిపించేది.

మోకాళ్ళు మొరాయించాక కుర్చీ అల్లుడి చేతికొచ్చింది. హుషారైనవాడు. ప్లాస్టిక్ గ్లాసులు మాన్పించాడు, వెదురు బ్రష్షులు పంచాడు, గోడలకు ఆకుపచ్చ రంగు కొట్టించాడు. డాక్టర్ల సంఘం మెచ్చి, పచ్చని క్లినిక్ అంటూ ఆమె పేరుతో ఫలకం చేయించింది.

ఫలకం ఇచ్చే రోజు ఉదయం అల్లుడు ఒకాయనకు పాత ఫిల్లింగు తీస్తుంటే ఆమె పక్కన నిలబడింది. ఉమ్మి పీల్చే గొట్టం చప్పుడు తేడాగా ఉంది. జల్లెడ ఉంటే కాస్త ఆయాసపడాలి. ఇదేమో అడ్డూ ఆపూ లేకుండా లాగేస్తోంది. ఆయన వెళ్ళాక మోకాళ్ళు పట్టుకుని వంగి చూసింది. జల్లెడ లేదు. మూత ఊడిన సీసాలో నీళ్ళెప్పుడో ఎండిపోయాయి.

అల్లుడు నీళ్ళు నమిలాడు. జల్లెడతో లాగుడు మందగిస్తోందని, కడగడానికే పొద్దుపోతోందని, నెలల కిందటే తీసేశానని, అయినా కుర్చీ కింద ఎవరు చూడొచ్చారని అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"కనబడేదానికి రంగు పూశారు, కనబడనిదాన్ని ఏట్లో కలిపారు. ఆ ఏటి నీళ్ళే కదా అల్లుడుగారూ మన కొళాయిల్లో వచ్చేది? జనం నోట్లోంచి తీసి మళ్ళీ జనం నోట్లోనే పోస్తున్నారు. దానికి నా పేరా?"

"ఈ ఒక్క సాయంత్రం గడవనివ్వండి అత్తయ్యా. రేపే పెట్టిస్తా. అందర్నీ పిలిచేశాం."

పిలిచినవాళ్ళు వచ్చారు. సంఘం పెద్ద ఫలకం అందించబోతే, ఎండిపోయిన సీసా ఆయన చేతిలో పెట్టి, ఎందుకు ఎండిందో గొంతు పెంచకుండానే చెప్పింది. ఫలకం అట్టపెట్టెలోకే తిరిగి వెళ్ళింది. కూతురు తలుపు విసురుగా వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు అల్లుడు కుర్చీ కింద దూరి జల్లెడ బిగిస్తున్నాడు. బయట పన్నునొప్పివాళ్ళు దవడలు పట్టుకుని కూర్చున్నారు. ఆఖరి మర బిగిసేదాకా ఆమె, ఉమ్మి పీల్చే మోటారు ఆపేసి, ఆ స్విచ్చి మీంచి చెయ్యి తీయలేదు.