రెట్టింపు గాట్ల మందుసీసా

1954లో నేను బేతంచెర్ల రైలుస్టేషనుకు దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు డిస్పెన్సరీలో కాంపౌండరును. డాక్టరుగారు చీటీ రాస్తే మందు కలిపి ఇవ్వడం నా పని. అప్పట్లో జబ్బు ఏదైనా, జనానికి మందంటే సీసామందే. దాన్ని మిక్చర్ అనేవాళ్లం. రోగి ఇంటినుంచి తెచ్చుకున్న సీసా కడిగి, మందు పోసి, దాని మీద నిలువుగా ఒక కాగితపు పట్టీ అంటించేవాణ్ణి. పట్టీ అంచున వరుసగా గాట్లు ఉంటాయి. ఒక గాటు నుంచి ఇంకో గాటు దాకా ఒక డోసు. చదువురానివాళ్లకు కూడా అర్థమయ్యే ఏర్పాటు అది. పట్టీలు కత్తిరించడంలో నన్ను మించినవాడు లేడని నాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఆ ఎండాకాలంలో నాపరాతి గనిలో కూలికి పోయే సుందరమ్మ తన తల్లి రత్నమ్మను బండిలో తీసుకొచ్చింది. ముసలామె కాళ్లు బాగా నీరు పట్టాయి. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. గుండె బలహీనపడిందని డాక్టరుగారు టింక్చర్ డిజిటాలిస్ కలిపిన మిక్చర్ రాశారు. ఒక మొక్క ఆకు నుంచి తీసే మందు అది. తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే ప్రమాదం. సీసా వారం రోజులకు. మొదటి సీసాతోనే వాపు తీసింది, ఆయాసం తగ్గింది.

ఆ తర్వాతే తిరకాసు మొదలైంది. వాపు మళ్లీ వచ్చింది. సుందరమ్మ రావలసిన వారం రాదు, ఆ పై వారం వస్తుంది.

“మందు సరిగా తాపిస్తున్నావా?” అని గట్టిగానే అడిగాను.

“నా చేత్తోనే తాపిస్తాండానన్నా. పొద్దున ఒక గాటు, రాత్రికి ఒక గాటు. సీసా అయిపోకుంటే నేనేమి చేసేది?”

ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. డాక్టరుగారేమో ఈ మందు పట్టడం లేదు, కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్చాల్సిందే అంటున్నారు. అక్కడ వైద్యం ఉచితమే కానీ, తల్లి పక్కన కూర్చుంటే సుందరమ్మకు కూలి పోతుంది. చేర్చకపోతే తల్లి దక్కదు.

నాకు ఏదైనా అంతుచిక్కకపోతే అన్నం సహించదు. ఖాళీ సీసా రాగానే తొట్టినీళ్లలో నానేయడం అలవాటు. ఈసారి అలా చేయకుండా చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. గాట్లు రెట్టింపు ఉన్నాయి! పట్టీ నాది కాదు. ఎవరో జొన్నగంజితో అంటించారు. కత్తిరింపు మాత్రం, ఒప్పుకోక తప్పదు, నా పనికంటే సొగసుగా ఉంది.

సుందరమ్మతో ఏమీ అనలేదు. ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆమె నీళ్లకు పోయింది. రత్నమ్మ గోడకు ఆనుకుని పాత రవికకు మాసిక వేస్తోంది. ఒకప్పుడు మిషన్ బడి పిల్లలకు బట్టలు కుట్టేదట.

“అవ్వా, నీ కత్తెర పని బాగుంది,” అన్నాను.

ఆమె నవ్వింది. దాచే ప్రయత్నమేమీ చేయలేదు.

“సీసా ఇంకో వారం ఎక్కువొస్తే, ఆ వారం నా బిడ్డ కడుపునిండా తింటాదప్పా. శానా కష్టపడతాండాది. సగం మందుతో నేను ఎట్లో నెట్టుకొస్తాలే. దానికి మాత్రం చెప్పొద్దు.”

గడప దగ్గర కడవ దించిన చప్పుడైంది. సుందరమ్మ అంతా విన్నది. తల్లిని కోప్పడుతుందనుకున్నాను. ఆమె తల్లి ముందు కూలబడిపోయింది.

“నువ్వు పోతే నేను పొద్దుగూకినంక ఎవరికోసం ఇంటికొచ్చేదిమా? నాకు ఇంకెవరుండారు?”

ముసలామె ఏడ్చింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

సంగతి డాక్టరుగారికి చెప్పాను. “మనం ధర మాట ఎత్తనేలేదు కదయ్యా,” అన్నారు. అదే ఆకుపొడితో చేసిన బిళ్ళలు మద్రాసు నుంచి వచ్చేవి. సీసామందులో పోసే చక్కెరపాకం, కలుపుడు ఖర్చులు లేవు కనుక మిక్చర్ కంటే చాలా చవక. సీసా చేతికివ్వకపోతే వైద్యమే చేయలేదనుకుంటారని వాటిని ఎవరికీ రాసేవాళ్లం కాదు. రత్నమ్మకూ అదే అనుమానం వచ్చింది.

“ఇంత చిన్న బిళ్ళలో ఏముంటాదప్పా?” అంది. ధర విన్నాక ఇంకా అనుమానపడింది. “డాక్టరు సొంత దుడ్లు పెట్టి ఇస్తాండాడా ఏమి? అట్లయితే నాకొద్దు.”

మందులషాపులో విచారించుకోమన్నాను. సుందరమ్మ నిజంగానే విచారించుకుని వచ్చింది. అప్పుడుగానీ ముసలామె బిళ్ళ నోట్లో వేసుకోలేదు. వానలు మొదలయ్యేసరికి కూతురి చెయ్యి పట్టుకోకుండానే చర్చికి నడిచి పోసాగింది.

పెద్దవాళ్లు మందు ఎగ్గొడితే మతిమరుపు అనుకుంటాం, మొండితనం అనుకుంటాం. చాలాసార్లు అది బిడ్డల మీద ప్రేమ అని నాకు రత్నమ్మే నేర్పింది. అప్పటినుంచి ఎవరి అమ్మకో నాయనకో మందు ఇచ్చేటప్పుడు, డోసు చెప్పే ముందే “ఇది అయిపోతే మళ్లీ కొనడం కష్టమా?” అని అడిగేవాణ్ణి. ముసలివాళ్లు వెంటనే జవాబు చెప్పరు. ముందు పక్కనున్న బిడ్డ ముఖంలోకి చూస్తారు. ఆ చూపు కనబడితే, మందు కలపడం ఆపి డాక్టరుగారి గదిలోకి వెళ్లేవాణ్ణి.