దాడికి ఒక్క నిమిషం ముందు

ఎప్పుడో జరిగిన దొంగతనాన్ని మళ్లీ చేసి చూడటం నా ఉద్యోగం. డిజిటల్ డబ్బు లెక్కలన్నీ వరసగా రాసి ఉండే బ్లాక్‌చైన్‌కి ఒక కాపీ తీసి, దాడికి ఒక్క నిమిషం ముందు దాకా వెనక్కి తిప్పి, ఆనాటి దొంగ చేసినట్టే చేస్తాను. ఆ పాత ఎత్తు ఆ డబ్బును తనంతట తానే నడిపే ప్రోగ్రామ్, అంటే మా కంపెనీ కొత్త స్మార్ట్ కాంట్రాక్ట్ మీద కూడా పారితే, వెంటనే ఆ కన్నం పూడ్చాలి.

ఈ మధ్యాహ్నం గుంటూరు దగ్గర మా ఊళ్లో, వరండాలో కూర్చుని ఆ పనిలోనే ఉన్నాను. పక్కనే ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న అత్తయ్య, అసలు ఏం చేస్తావే అని అడిగితే ఇదంతా చెప్పాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"అయితే ఏ రోజుకి కావాలంటే ఆ రోజుకి వెళ్లొచ్చా?"

"కాపీలోనే అత్తయ్యా. అక్కడ ఏం మార్చినా అసలుది మారదు."

"మారకపోతే పోనీలే. మీ మామయ్య పోయిన ముందురోజు సాయంత్రం దగ్గర ఆపు. బజ్జీలు వెయ్యమన్నారు. మబ్బు పట్టింది, ముందెళ్లి కల్లంలో కాయల మీద పట్టలు కప్పి రండని కసిరాను. ఈసారి వేసి పెడతాను, తిననీ."

మళ్లీ నాలుగు కాయలు తుంచి, తలెత్తకుండానే అన్నారు: "ఆ రోజు వాన కూడా పడలేదమ్మాయ్."

ఆ తర్వాత నా పని సాగలేదు. ఎంత పెద్ద దాడినైనా గంటలో మళ్లీ నడిపించే దాన్ని, ఒక పళ్లెం బజ్జీల దగ్గర ఓడిపోయాను.

మీరైతే ఏ రోజు దగ్గర ఆపమంటారో కింద కామెంట్లలో రాయండి. కాస్త ఆగి చదువుతాను. వంటింట్లో అత్తయ్య శనగపిండి కలుపుతున్నారు.