గేటు లోపలి చంద్రుడు

నేను పనిచేసే పత్రిక కార్యాలయం పంజాగుట్టలో ఉంది. నివాసం అమీర్‌పేటలో, రెండంతస్తుల నిండా కోచింగ్ సెంటర్లున్న ఒక భవనంలో, అన్నిటికంటే పైన. ఆ భవనం మెట్ల కింద ఒక టైలర్ షాపు. షాపంటే ఒక మిషను, ఒక బల్ల, ఒక ట్యూబ్‌లైటు, వచ్చినవాళ్లకు ఒక స్టూలు. కిటికీ లేదు. ఎదురుగా పక్క భవనం గోడ. సిరిసిల్ల నేత కుటుంబం నుంచి వచ్చిన మాస్టర్ ఇరవై ఏళ్లుగా అందులో కూర్చుని, ఇంటర్వ్యూలకు వెళ్లే కుర్రాళ్ల ప్యాంట్లు పొట్టి చేస్తున్నాడు. దిగినప్పుడూ ఎక్కినప్పుడూ ఆ స్టూలు మీద ఐదు నిమిషాలు కూర్చోవడం నాకు అలవాటు.

మాస్టర్ మా పత్రిక రోజూ చదువుతాడు. నగరంలో ఆ రోజు ఎక్కడేం జరుగుతుందో చెప్పే చిన్న శీర్షికంటే ఆయనకు మరీ ఇష్టం. పుస్తకావిష్కరణలు, ఉచిత కంటి పరీక్షలు, పూల ప్రదర్శనలు అన్నీ చదువుతాడు, దేనికీ వెళ్లడు. అది రాసేది నేనని ఆయనకు తెలుసు.

ఒక శుక్రవారం విశ్వవిద్యాలయం వాళ్ల పాత అబ్జర్వేటరీ నుంచి లేఖ వచ్చింది. అది మా కార్యాలయానికి పది నిమిషాల నడక. మర్నాడు సాయంత్రం టెలిస్కోపులో ప్రజలకు చంద్రుణ్ణి చూపిస్తామనీ, ప్రవేశం ఉచితమనీ అక్కడి ప్రొఫెసర్ రాశాడు. ఆ లేఖను ఏడెనిమిది వాక్యాలకు కుదించాను. రాత్రి పేజీ కట్టేవేళ ఒక వ్యాపార ప్రకటన వచ్చి పడి, నా వార్తకు చోటు తగ్గింది. వార్త పొడవైతే కింది నుంచి కొట్టేయమని మాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పుతారు, ముఖ్యమైనదంతా పైనే ఉంటుంది కాబట్టి. ప్రొఫెసర్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ముందుగా పేరు నమోదు చేసుకున్న నలభై మందికే ప్రవేశమన్న మాట ఆయన అన్నిటికంటే కింద పెట్టాడు. నేను కుదించినప్పుడూ అది కిందే ఉండిపోయింది. మళ్లీ చదవకుండానే కొట్టేశాను.

పొద్దున మెట్లు దిగేసరికి మాస్టర్ పేపర్ పట్టుకుని ఉన్నాడు.

"అన్నా, గిది నువ్వు రాసిందేనా?"

"నాదే."

"చంద్రుని మీద గుంతలు సుత కనబడ్తయా?"

"కనబడతాయట."

గుడ్డమీద గీసే సుద్దతో ఒక అట్టముక్క మీద 'సాయంత్రం షాపు బంద్' అని రాసి తలుపుకు వేలాడదీశాడు. పండుగలకు తప్ప ఆ షాపు మూయగా నేను చూడలేదు. ప్యాంటు కోసం వచ్చిన కుర్రాడొకడు లబోదిబోమన్నాడు.

"అన్నా, సోమవారం ఇంటర్వ్యూ ఉంది!"

"నీ ప్యాంటు యాడికి పోదురా. చంద్రుడైతే పోతడు. రేపు రా."

ఆరింటికి మెట్రో స్తంభాల పక్కన నడుచుకుంటూ బయల్దేరాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దారిలో, "ఒక్క కన్నుతోనే చూడాల్నట గద అన్నా? నాకు కుడి కన్ను మంచిగుంది. సూదిల దారం ఎక్కించేది గదే," అన్నాడు.

అబ్జర్వేటరీ సందు నిండా జనం. పిల్లల్ని భుజాలకెత్తుకున్నవాళ్లు, హాస్టళ్ల ఆడపిల్లలు, స్కూటర్లు. గేటు మూసి ఉంది. వాచ్‌మన్ చేతిలో ఒక కాగితం, పేరు ఉన్నవాళ్లనే లోపలికి వదులుతున్నాడు. ఆ కాగితం చూడగానే నేను కొట్టేసిన వాక్యం అక్షరం అక్షరం గుర్తొచ్చింది. వెనక్కి తిరిగాను. మా వెనక అప్పటికే ఇంకో వంద మంది. కదలడానికి లేదు.

మాస్టర్ పేపర్ ముక్క చూపించాడు. "గిదో, అందరికీ అని ఉన్నది."

"పేపరోళ్లకేం, రాస్తరు. లిస్టుల పేరుండాలె," అన్నాడు వాచ్‌మన్.

పైన అర్ధచంద్రుడు తెల్లగా, సందులోంచి కూడా బాగానే కనిపిస్తున్నాడు. మాస్టర్ అటు చూపించి, "ఆయన పేరు రాయించుకున్నడా భాయ్? ఎట్ల లోపలికి పోయిండు?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఉత్సాహంలో ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"రాసింది గీ అన్ననే. అడుగుండ్రి."

అందరి కళ్లూ నా మీదికి తిరిగాయి.

"ప్రజలందరికీ అనే రాశాను," అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

గోల విని ప్రొఫెసర్ గేటు దగ్గరికి వచ్చాడు. పత్రిక నుంచి వచ్చానని తెలిసి మొహం వెలిగిపోయింది. "ఇంత మంది వస్తారని అనుకోలేదండీ. మీరు లోపలికి రండి, చూసి రాయండి."

"పో అన్నా. మనోడొకడు బయట ఉన్నడని జర చెప్పు," అని మాస్టర్ నన్ను ముందుకు తోశాడు. నా వెనక గేటు మూశారు. నిజం చెప్పాలంటే, ఆ కళ్ల ముందు నుంచి తప్పుకున్నందుకు ప్రాణం లేచివచ్చింది.

టెలిస్కోపు ఉన్న గుమ్మటం మెట్లెక్కుతూ ప్రొఫెసర్ అన్నాడు: "నలభై మందికేనని లేఖలో రాశాను కదండీ. వీళ్లు చూసుకోలేదా?"

"చూసుకోలేదేమో," అన్నాను.

ఆ మాట అన్నాక మాస్టర్ సంగతి ఎత్తడానికి దారి లేకపోయింది. ఆయన్ని పిలిపిస్తే చేతిలో పేపర్ ముక్కతో వస్తాడు. నలభై మంది వెనక నిలబడి, నా వంతు రాగానే అర నిమిషం చూశాను. వెలుగూ చీకటీ కలిసే అంచున గుంతలు స్పష్టంగా ఉన్నాయి, ఒక్కోదానిలో సగం నీడ. చేత్తో తడిమితే తగులుతాయనిపించింది. సంతోషం మాత్రం కలగలేదు. బయటికి పోవడానికి వేరే గేటేమైనా ఉందా అని అడిగాను. లేదన్నారు.

నేను గేటు దగ్గరికి తిరిగి వచ్చేసరికి జనం పలచబడ్డారు. మాస్టర్ మాత్రం గేటు చువ్వలు పట్టుకుని అక్కడే ఉన్నాడు.

"చెప్పినవా?"

"లేదు," అన్నాను. పంజాగుట్ట చౌరస్తా దాటేలోగా మొత్తం చెప్పేశాను: ప్రకటన, కింది నుంచి కొట్టేయడం, ప్రొఫెసర్‌తో అన్న మాట.

మాస్టర్ చేతిలోని పేపర్ ముక్కను మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "నన్ను పక్కకు పిలిచి చెప్తే అయిపోతుండె గదన్నా. గేటు కాడ రెండు గంటలు నీ తరఫున కొట్లాడిన," అన్నాడు. కోపంగా అనలేదు.

మర్నాడు ఆయన పేరు వచ్చే నెలకు నమోదు చేయిస్తానన్నాను.

"వచ్చే నెల పెండ్లిళ్లు. పిల్లగాని సూటు ఆపి పోతే, వాళ్లే నన్ను చంద్రుని మీదికి పంపుతరు."

ఆ తర్వాత మళ్లీ ఆ ఊసు ఎత్తనివ్వలేదు. స్టూలు మీద కూర్చోవడం నేను మానలేదు, మానితే ఎందుకు మానానో ఆయనకు తెలిసిపోతుంది. కొలతలకు వచ్చిన ప్రతి కుర్రాడికీ నన్ను చూపిస్తాడు.

"గీ అన్న టెలిస్కోపుల చంద్రున్ని చూసిండు. చెప్పన్నా, గుంతలెట్లుంటయో."

చెబుతాను. ఎన్నిసార్లు విన్నా మాస్టర్ టేపు పట్టుకున్న చెయ్యి ఆపి వింటాడు. మొన్న ఒక కుర్రాడు, "నువ్వెందుకు చూడలే మాస్టర్?" అని అడిగాడు.

మాస్టర్ నా వైపు చూడలేదు. "లిస్టుల నా పేరు లేకుండె," అని చెప్పి, వాడి నడుము కొలత రాసుకున్నాడు.