ఏ కేసో చెప్పు ముందుగాల

దామోదర్‌రావు సారు ఎదుట 'కేసు' అనే మాట ఉత్తగా వాడకూడదు. వాడితే ఏ కేసో చెప్పాలి. పోలీసు కేసా, కోర్టు కేసా, దవాఖాన కేసా, కళ్లద్దాలు పెట్టుకునే కేసా అన్నది తేల్చి, ఆ అర్థం వచ్చేటట్టు పూర్తి వాక్యం చెప్పేదాకా ఆయన మనిషిని కదలనివ్వడు. ముప్ఫై ఏళ్లు హుజూరాబాద్ చుట్టుపక్కల బడుల్లో ఇంగ్లిషు చెప్పాడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ కోపం నుంచి కాలేదు.

తొమ్మిదో తరగతిలో నేను ఆయన శిష్యుణ్ని. ఒకనాడు ఆ మాటను బోర్డు మీద రాసి, నాలుగు అర్థాల్లో నాలుగు వాక్యాలు రాయమన్నాడు. నేను 'మై ఫాదర్ ఈజ్ ఎ కేస్'తో మొదలుపెట్టి, అవ్వను, చిన్నాయనను దాటి మేనత్త దగ్గర ఆగాను. సారు సుద్దముక్క విసిరికొట్టి, మర్నాడు మా బాపును పిలిపించాడు. నీ కొడుకు నిన్ను కేసంటుండు, నీకు సమ్మతమేనా అని అడిగాడు. బాపుకు ఇంగ్లిషు రాదు. అదేదో మంచి నౌకరి అనుకుని, సమ్మతమే అన్నాడు. ఆ రోజు సారు కోపానికి క్లాసు మొత్తం ఎండలో నిలబడింది.

ఇంకోసారి సారు బీపీ చూపించుకుంటానంటే దవాఖానకు తోడు పోయాను. కాంపౌండరు తలుపు తీసి, కాలు ఇరిగిన కేసును లోపలికి తోలమన్నాడు. సారు బెంచీ మీంచి లేచాడు. పక్కన కట్టుతో కూర్చున్న ముసలామెను పేరడిగాడు. శంకరవ్వ అని చెప్పింది.

"గీమె శంకరవ్వ. కేసంటే నీ చేతిల ఉన్న కాయితం. కాయితానికి కాలు ఇరుగదు," అన్నాడు కాంపౌండరుతో.

అతను పేరు పెట్టి పిలిచేదాకా లోపలికి ఎవరినీ పోనివ్వలేదు. తర్వాత సారు బీపీ చూసిన డాక్టరు, మిషను పాడయిందనుకుని ఇంకొకటి తెప్పించాడు. అదీ అంతే చూపింది.

ఇప్పుడు నాకు బస్టాండు ఎదురుగా జిరాక్సు దుకాణం ఉంది. గల్ఫుకు పోయేవాళ్లు టికెట్లు, వీసా కాగితాలు నా దగ్గరే ప్రింటు తీసుకుంటారు. పొద్దున తొమ్మిదింటికల్లా సారు వచ్చి నా కుర్చీలో కూర్చుంటాడు. నేను నిలబడి పని చేసుకుంటాను. వచ్చిన ప్రతివాడి కాగితం లాక్కుని చదివి, పేరులో అక్షరం తప్పుంటే తిట్టి, ఏ కంపెనీ, ఏ క్యాంపు అని పోలీసులాగా అడుగుతాడు. గిరాకీ చెడిపోతోందని నేనెన్నోసార్లు లోపల్లోపల మండిపడ్డాను.

మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున లింగమూర్తి, బుచ్చవ్వ మా దుకాణానికి వచ్చారు. పక్క ఊరి రైతులు. వాళ్ల కొడుకు సాగర్ దుబాయిలో రెండేళ్లు పనిచేసి ఆ రోజే హైదరాబాద్‌లో దిగాలి. దిగలేదు. అతని దోస్తు దగ్గర్నుంచి లింగమూర్తి ఫోనుకు మాత్రం ఒక మెసేజ్ వచ్చింది. 'సాగర్ కేస్ ఎయిర్‌పోర్ట్ హోల్డ్. టుడే నో కమింగ్.' ఊళ్లో ఎవరో చదివి, సాగర్ మీద కేసయింది, ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారని చెప్పారట. సాగర్ ఫోను బందయి ఉంది. దోస్తు ఫోను ఎత్తడం లేదు. బుచ్చవ్వ మెట్టు మీద కూలబడింది. వకీలు ఎవరన్నా తెలుసా అని లింగమూర్తి నన్ను అడిగాడు.

సారు ఆ ఫోను తీసుకుని చదివాడు. ముక్కుపుటాలు అదిరాయి.

"ఏ కేసు?" అన్నాడు.

"పోలీసు కేసట సారూ," అంది బుచ్చవ్వ.

"ఇండ్ల పోలీసు అని ఏడ రాసుంది? ఎవడు చదివిండు గిది?"

ఆ మనిషి పేరు చెప్పే ధైర్యం లింగమూర్తికి లేకపోయింది. సారు సంచిలోంచి నీలం అట్ట నోటుబుక్కు తీశాడు. మొదటిసారి అందులోకి తొంగిచూశాను. నా దుకాణంలో ప్రింటు తీసుకుని పోయిన ప్రతి ఒక్కడి పేరు, ఊరు, క్యాంపు, ఫోర్‌మన్ నంబరు, ఇంట్లో అవ్వ పేరు వరుసగా రాసి ఉన్నాయి. ఇన్నాళ్లూ గిరాకీ చెడగొడుతున్నాడని నేననుకున్నది ఈ రాతల కోసమన్నమాట.

సాగర్ పేరు పక్కనున్న నంబరుకు చేస్తే ఫోర్‌మన్‌కు ఫోను కలిసింది. కేరళ మనిషి. సారు తన పేరు చెప్పకుండానే ఇంగ్లిషులో విరుచుకుపడ్డాడు. ఏ కేసో చెప్పు, పూర్తి వాక్యంలో చెప్పు అన్నాడు. ఫోర్‌మన్ కంగారుపడి ఎవరినో పిలిచాడు, ఆ ఎవరో ఇంకెవరినో పిలిచారు. సారు ఫోను పెట్టలేదు. ఆ ఇరవై నిమిషాలు బుచ్చవ్వ సారు మొహం వైపే చూస్తూ ఉంది. ఆఖరికి అటునుంచి ఒక పూర్తి వాక్యం వచ్చింది. సారు ఫోను దించాడు.

"సూట్‌కేసు. నీ కొడుకు సూట్‌కేసును ఆపిండ్రు. పవర్ బ్యాంకులు అండ్ల పెట్టద్దు. ఒకటి కాదు, నాలుగు పెట్టిండు. అవి తీసేటాలకు విమానం పోయింది. రేపటి విమానంల వస్తుండు."

"మరి ఫోనెందుకు ఎత్తుత లేడు సారూ?" అన్నాడు లింగమూర్తి.

"చార్జింగు లేదట," అన్నాడు సారు పళ్లు కొరుకుతూ. "నాలుగు పవర్ బ్యాంకులు కొన్న మనిషికి."

బుచ్చవ్వ ఏడుస్తూనే నవ్వింది. పొద్దుటినుంచి ఇద్దరూ ఏమీ తినలేదని తెలిసి సారు మళ్లీ మండిపడ్డాడు. తిట్టుకుంటూనే వాళ్లను ఇంటికి తీసుకుపోయాడు. ఆయన భార్య దేవకమ్మ అన్నం పెడుతూ, ఏమనుకోవద్దు, ఎవరికన్నా భయమైతే ఆయనకు కోపమొస్తదని బుచ్చవ్వకు చెప్పిందట.

నాలుగో రోజు సాగర్ మా దుకాణానికి వచ్చి, సారు చేతిలో ఒక సెంటు సీసా పెట్టాడు. సారు అంతెత్తున లేచాడు. రిటైరైన మాస్టరుకు సెంటెందుకు, తన వయసేంది, బుద్ధి ఉన్నదా అంటూ అరగంట తిట్టి, సీసాను సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు తొమ్మిదింటికి ఆయన ఇంకా రోడ్డు అవతల ఉండగానే మా దుకాణమంతా గులాబీ వాసన గుప్పుమంది. నేను ప్రింటరులోకి తల దూర్చి కాగితాలు సర్దుకున్నాను. జిరాక్సుకు వచ్చిన రాయమల్లు ఏదో అనబోతే కాలు తొక్కాను.