నా కీ నేనివ్వలేదు

2023 నాటి మాట. తాండూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి శాఖలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా నాకు మూడో ఏడు నడుస్తోంది. ప్రధాన ఆసుపత్రి వికారాబాద్‌లో ఉండేది. సర్వర్ కూడా అక్కడే, మందుల స్టోరు పక్కనున్న చిన్న ఏసీ గదిలో ఉండేది. తాండూరులో తీసిన ప్రతి ఎక్స్‌రే, డాక్టర్లు రాసిన ప్రతి రిపోర్టు అందులోకే చేరేది. నేను తాండూరులో కూర్చునే ఆ సర్వర్‌లోకి లాగిన్ అయి దాని బాగోగులు చూసుకునేదాన్ని. నా బల్ల రికార్డుల కౌంటరు వెనకే. కిటికీ తీస్తే నాపరాతి బండల లారీలు లేపిన దుమ్ము వచ్చి కీబోర్డు మీద పడేది. పూటకోసారి తుడవడం నాకు అలవాటైపోయింది.

దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లడానికి పాస్‌వర్డ్ కంటే గట్టి పద్ధతి ఒకటుంది. దానికి జంట కీలు కావాలి. పబ్లిక్ కీ తాళం కప్ప లాంటిది. దాన్ని సర్వర్‌కు తగిలిస్తాం, ఎవరు చూసినా నష్టం లేదు. ప్రైవేట్ కీ ఆ కప్పకు సరిపోయే ఒకే ఒక్క చెవి. అది నా లాప్‌టాప్ దాటి పోకూడదు. దాన్ని వాడాలన్నా ముందు పాస్‌ఫ్రేజ్ అనే రహస్య వాక్యం టైపు చేయాలి. ఎవరి కీతో ఎవరు ఏ క్షణాన లోపలికి వచ్చారో సర్వర్ తన లాగ్‌లో, అంటే దినచర్య లాంటి ఒక ఫైలులో, రాసుకుంటుంది. నా కీతో ఏం జరిగినా అది నేను చేసినట్టే. తెల్ల కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చినా, కీ ఇచ్చినా ఒకటే.

నేను చేరిన రోజున అక్కడి పరిస్థితి ఇదీ. ఆసుపత్రి మొత్తానికీ ఒకటే ప్రైవేట్ కీ. అది వాట్సాప్ గ్రూపులో ఉంది. మానేసి వెళ్లినవాళ్లు కూడా ఆ గ్రూపులో ఉన్నారు. మొదటి నెలలోనే ఆ కీని రద్దు చేశాను. సర్వర్‌తో పనున్నవాళ్లకు ఎవరి కీ వాళ్లకే చేయించాను. ఎవరైనా మానేస్తే అదే రోజు వాళ్ల పబ్లిక్ కీ సర్వర్ నుంచి తీసేయడం నియమంగా పెట్టాను. "గీ చిన్న దవాఖానకు గింత పరేషానా?" అని చాలామంది విసుక్కున్నారు. విసుక్కోనీ అనుకున్నాను. నాకంటే సీనియర్ అయిన అడ్మినిస్ట్రేటర్ ఒకాయన 2023 మొదట్లో మానేసి, మాకు సాఫ్ట్‌వేర్ సరఫరా చేసే హైదరాబాద్ కంపెనీలో చేరాడు. ఆయన వీడ్కోలు టీ పార్టీ అయిపోకముందే ఆయన కీ తీసేశాను. ఆ తర్వాత సర్వర్ లోపల రిపోర్టులన్నీ నిలవుండే డేటాబేస్ దాకా వెళ్లగలిగిన కీ నాదొక్కటే మిగిలింది.

ఆ వర్షాకాలంలో నర్సమ్మ అనే ఆవిడ రోజు విడిచి రోజు మా కౌంటరుకు వస్తుండేది. నలభై అయిదేళ్లుంటాయి. పద్దెనిమిదేళ్లు బండల పాలిష్ యూనిట్‌లో పనిచేసింది. నాలుగు మాటలు మాట్లాడితే దగ్గు, ఆరు మెట్లు ఎక్కితే ఆయాసం. ఆ యూనిట్ పనివాళ్లకు ఏటా వైద్య పరీక్షలు చేసే ఒప్పందం మా ఆసుపత్రిదే. ఆమెకు పరీక్షలైపోయి మూడు వారాలు దాటింది. రిపోర్టు మాత్రం చేతికి రాలేదు. కౌంటరులో అడిగితే "ఇంకా తయారు కాలే" అనేవారు.

ఒకరోజు నా బల్ల దగ్గరికే వచ్చి నిలబడింది.

"చెల్లె, నా కాగితం యాడుందో జర చూడరాదు? డాక్టరమ్మ నా ముంగటనే రాసింది. దుమ్ము ఊపిరితిత్తులల్ల పేరుకున్నదని, ఇగ గా పనికి పోవద్దని చెప్పింది. గదే కాగితం మీద రాసియ్యమంటే ఇస్తలేరు."

"రోగుల రిపోర్టులు తెరిచి చూసే హక్కు నాకు లేదక్కా. నీ కాగితం అడిగే హక్కు మాత్రం నీకున్నది. కౌంటర్ల నోటితోని అడగకు, చిట్టీ రాసి ఇయ్యి," అన్నాను. దరఖాస్తు రాసిపెట్టాను. ఆమె వేలిముద్ర వేసి, కౌంటరులో ఇచ్చి, రసీదు తీసుకుని వెళ్లింది.

ఆ మర్నాడు ఉదయం వికారాబాద్ నుంచి ఫోను. మా పరిపాలనాధికారి, ఆయన్ని దామోదర్ గారు అందాం.

"మంజులా, ఒక చిన్న పనున్నది. ఒక రిపోర్టుల తప్పు పడ్డది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆయన సరిజేస్తడు. నీ ప్రైవేట్ కీ, గా పాస్‌ఫ్రేజ్ ఆయనకు మెయిల్ చెయ్యి. అర్ధగంట పని."

"రిపోర్టుల తప్పుంటే రాసిన డాక్టరే సరిజేస్తరు గద సర్. సాఫ్ట్‌వేర్‌లనే ఆ వీలున్నది."

అది నిజమే. కానీ డాక్టరు సాఫ్ట్‌వేర్‌లో దిద్దితే పాత రిపోర్టు కూడా పక్కనే నిలిచి ఉంటుంది. నేరుగా డేటాబేస్‌లోకి వెళ్లి మార్చితే పాతది ఆనవాలు లేకుండా పోతుంది. ఆ తేడా నాకు తెలుసు. ఆయనకూ తెలిసే అడుగుతున్నాడని అప్పటికి నాకు తోచలేదు.

"డాక్టరమ్మ లీవుల ఉన్నది. అందుకే నిన్ను అడుగుతున్న."

"అయితే కంపెనీ ఆయన్ను తన పబ్లిక్ కీ పంపమనండి సర్. మీరు ఒక లెటర్ ఇయ్యండి. ఆయన పేరు మీదనే వేరే లాగిన్ చేసిస్త. పది నిమిషాలు పట్టదు."

"ఆయన పేరెందుకు? నీ కీ ఉన్నది గద," అన్నాడు.

ఆ మార్పు నా పేరు మీదే పడాలని ఆయన చూస్తున్నాడని అక్కడ నాకు అర్థమైంది. "ఎవరి రిపోర్టు సర్?" అని అడిగాను.

"గా బండల యూనిట్ ఆమెది. నర్సమ్మది. నీకెందుకు గవన్నీ?"

ఫోను పెట్టేసి నేరుగా డాక్టరమ్మకు చేశాను. నర్సమ్మను పరీక్షించిన ఊపిరితిత్తుల వైద్యురాలు, వికారాబాద్‌లో మా వైద్య విభాగానికి పెద్ద. "మేడం, మీరు లీవుల ఉన్నరంట?"

"ఎవరు చెప్పిన్రు? నేను వార్డుల రౌండ్స్‌ల ఉన్న," అంది. జరిగింది చెప్పాను. "దుమ్ము జబ్బయితే యూనిట్ వాళ్లు పరిహారం కట్టాలె. వాళ్లు అడిగిన్రని, దుమ్ము వల్ల కాదు, పాత టీబీ అని రాయమన్నడు ఆయన. నేను కుదరదన్న. అందుకే నీ దాంక వచ్చిండు."

మధ్యాహ్నానికి దామోదర్ గారు కారులో తాండూరు వచ్చేశాడు. నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కౌంటరులో వాళ్లంతా పని ఆపి చూస్తున్నారు.

"దవాఖాన నీదా, మాదా?"

"మీదే సర్."

"మరి కీ ఎవరిది?"

"నా పేరు మీద ఉన్నది నాది సర్. మీకు కీ కావాల్నంటే మీ పేరు మీద చేసిస్త. మీరే లోపలికి పోయి మీరే మార్చుకోండి. లాగ్‌ల మీ పేరు పడ్తది. నా పేరు మీద మాత్రం మార్చనియ్య."

ఆయన ముఖం ఎర్రబడింది. "యాలాల్ దిక్కు గొర్లు కాసుకునేటోళ్ల ఇంట్లకెళ్లి వచ్చినవ్. ఇంత నౌకరి ఇస్తే మాకే రూల్స్ చెప్తవా?"

"ఔ సర్, గొర్లు కాసేటోళ్లమే. మా నాయిన తన గుర్తు ఇంకొకల గొర్రె మీద పడనియ్యడు. నేనూ గంతే."

ఆయన లేచాడు. లాప్‌టాప్ ఆసుపత్రిది కాబట్టి ఇచ్చేయమన్నాడు. ఇచ్చేశాను. అది వాళ్లది. పాస్‌ఫ్రేజ్ మాత్రం నా తలలో ఉంది. అది లేకుండా ఆ లాప్‌టాప్‌లోని కీ ఫైలు ఎందుకూ పనికిరాని అక్షరాల కుప్ప. మాట వినలేదంటూ సాయంత్రానికి నాకొక మెమో కూడా అందింది. వెనక్కి తిప్పి నా జవాబు అక్కడే రాసి, జిరాక్స్ తీసుకుని, తిరిగి ఇచ్చేశాను.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. వాళ్లు వికారాబాద్‌లో సర్వర్ గదిలోకే వెళ్లి, యంత్రం ఆపి, దారి చేసుకోవచ్చు కదా? చేసుకోవచ్చు. కానీ సర్వర్ ఆగితే ల్యాబ్ ఆగుతుంది, ఫార్మసీ ఆగుతుంది, ఎందుకు ఆగిందని అందరూ అడుగుతారు. వాళ్లకు కావలసింది చప్పుడు లేకుండా, నా పేరుతో జరిగిపోవడం. రేపు ఎప్పుడైనా ఎవరైనా నిలదీస్తే చూపించడానికి వాళ్లకు నేనుండాలి.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వికారాబాద్ వెళ్లాను. కీ ఉన్న యంత్రం చేయి దాటితే వెంటనే ఆ కీని రద్దు చేయాలన్నది నేను రాసిన నియమమే. దాన్ని నాకు నేనే అమలు చేసుకున్నాను. డాక్టరమ్మను పక్కన నిలబెట్టుకుని, సర్వర్ గదిలో కీబోర్డు ముందు కూర్చుని, ఆ గదిలో మాత్రమే పనిచేసే నా పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యాను. నా పబ్లిక్ కీ ఉన్న వరుసను తొలగించాను. తర్వాత లాగ్ తెరిచాను.

ముందురోజు సాయంత్రం నాలుగు దాటాక, మానేసి వెళ్లిన ఆ సీనియర్ పేరుతో బయటి నుంచి ఏడుసార్లు లాగిన్ ప్రయత్నం జరిగింది. ఏడుసార్లూ సర్వర్ తిప్పి పంపింది. ఆయన పాత ప్రైవేట్ కీ ఇంకా ఎవరి దగ్గరో ఉంది. దాన్ని పెట్టి తిప్పారు. ఆయన పబ్లిక్ కీ నేను ఎప్పుడో తీసేశాను కాబట్టి తలుపు తెరుచుకోలేదు. టీ పార్టీ రోజున మొహమాటపడి, రేపు చూద్దాంలే అనుకుని ఉంటే నర్సమ్మ రిపోర్టు ఆ సాయంత్రమే మారిపోయేది.

ఆ పేజీలు ప్రింటు తీశాను. డాక్టరమ్మ నర్సమ్మ రిపోర్టు ప్రింటు తీసి సంతకం చేసి, ముద్ర వేసింది. రెండూ పట్టుకుని మేమిద్దరం ఆసుపత్రి ఛైర్మన్ గదిలోకి వెళ్లాం.

"ఈ రిపోర్టు నేను రాసింది. మార్చాల్నంటే నా ముందర మార్చమనండి," అంది డాక్టరమ్మ. లాగ్ కాగితాలు ఆయన ముందు పెట్టింది. "వీళ్లెవరో, మన సర్వర్ల వాళ్లకేం పనో కూడా కనుక్కోండి."

ఛైర్మన్ కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. అప్పటికే అక్కడ కూర్చుని ఉన్న దామోదర్ గారు కిటికీ వైపు చూస్తున్నాడు. చివరికి ఛైర్మన్, "రిపోర్ట్ ఇచ్చెయ్యండి," అన్నాడు. అంతే. క్షమాపణ లేదు, విచారణ లేదు. నా మెమో వెనక్కి తీసుకుంటున్నామన్న మాట కూడా రాలేదు.

ఆ మధ్యాహ్నం తాండూరు తిరిగొచ్చి కౌంటరు ద్వారా, రిజిస్టరులో రాయించి మరీ, నర్సమ్మకు కాగితం ఇప్పించాను. ఆమెకు చదువు రాదు. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైట కింద దాచుకుంది.

"లోపల మస్తు లొల్లి అయిందంట గద. నా కోసం ఏం చేసినవ్ చెల్లె?"

"ఏం చెయ్యలేదక్కా. వాళ్లు చెయ్యమన్నది చెయ్యలేదు, గంతే."

ఆ కాగితంతో ఆమె కార్మిక శాఖ ఆఫీసుకు పోయింది. ఏడాది పైగా తిరిగింది. అది పనిలో వచ్చిన జబ్బేనని చివరికి ఒప్పుకున్నారు. ఆమె వెనకే అదే యూనిట్ నుంచి ఇంకో నలుగురు తమ రిపోర్టులు రాతపూర్వకంగా అడిగారు. వాటినీ ఎవరూ మార్చలేకపోయారు.

నా కాంట్రాక్టు మాత్రం 2024 మార్చిలోనే ముగిసింది. పొడిగించలేదు. దామోదర్ గారు అదే కుర్చీలో ఉన్నాడు. నా స్థానంలో వచ్చిన ఫర్హీన్ అనే అమ్మాయి మొదటి రోజునే, "అక్కా, కొత్తది చేసుడు ఎందుకు, మీ కీనే ఇచ్చి పోరాదు," అంది. నవ్వొచ్చింది. కూర్చోబెట్టి ఆమె కీ ఆమె చేతనే చేయించాను. పాస్‌ఫ్రేజ్ టైపు చేస్తుంటే తల తిప్పుకున్నాను. చివరి సాయంత్రం, ఆ గొడవ తర్వాత కొత్తగా చేసుకున్న నా కీని నేనే తీసేసి, మళ్లీ లాగిన్ కాబోయి, సర్వర్ నన్ను కూడా వద్దన్నదని చూసుకున్నాకే బయటికి వచ్చాను.

చదువుకునేటప్పుడు ఈ పద్ధతులన్నీ ఎక్కడో దూరాన కూర్చున్న దొంగల కోసమని చెప్పారు. నా అనుభవంలో వచ్చిన మనిషి నాకు జీతమిచ్చే మనిషి. కుర్చీ లాక్కుని, నన్ను పేరు పెట్టి పిలిచి అడిగాడు. అలాంటివాడిని ఆపే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు. అక్కడ కీ పట్టుకున్న మనిషే అడ్డం నిలబడాలి. ఈ వృత్తిలోకి వచ్చే ఆడపిల్లలకూ మగపిల్లలకూ నేను చెప్పేదొకటే. ఎంత పెద్దవాళ్లడిగినా ఇవ్వకండి. ఉద్యోగం పోవచ్చు, నాది పోయింది. ఇప్పుడు వికారాబాద్‌లోనే వేరేచోట చేస్తున్నాను. ఉద్యోగాలు మళ్లీ దొరుకుతాయి. నా పేరు మాత్రం నాకు ఒక్కటే ఉంది. అది ఎవరి తప్పుకూ అద్దెకు దొరకదు.