నాకంటే ముందు గడప దాటినవాడు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. రోజూ పొద్దున్నే అద్దంలో నా మొహం చూసి తట్టుకుంటున్నవాణ్ణి, దయ్యానికి కొత్తగా భయపడేదేముంది? చదువు ఏడో తరగతిలోనే ఆగింది. బడి నేనే మానేశానని మా అమ్మ అంటుంది, ఆ రోజు బడే ఊపిరి పీల్చుకుందని మా మాస్టారు అంటారు. కాబట్టి నేను చెప్పేదాంట్లో కల్పన వెతక్కండి. కల్పించేంత చదువు నాకు లేదు.

సింగపూర్‌లో కంప్యూటర్ కుర్రాళ్ళు విమానాలకి విమానాలు దిగుతున్న రోజులవి. వాళ్ళకి అన్నం వండటానికి నేనూ దిగాను. ఒక తెలుగు భోజనాల షాపులో వంట చెయ్యడం, ఆ తర్వాత క్యారియర్లు పట్టుకుని ఫ్లాట్లకి తిరగడం నా పని. బుకిట్ పంజాంగ్‌లో ప్రమీల ఆంటీ వాళ్ళకి రోజూ క్యారియర్ వెళ్ళేది. ఆవిడ నాకంటే నాలుగేళ్ళే పెద్ద. ఇక్కడ పెళ్ళయిన ప్రతి ఆవిడా ఆంటీయే. వాళ్ళాయన రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో కంప్యూటర్ల మనిషి. అంతకుముందు రెండుసార్లు ఆవిడకి కడుపు నిలవలేదు. ఈసారి ఎనిమిదో నెల. మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

పడుకుంటే ఏం తోస్తుంది? నేను గిన్నెలు సర్దుతుంటే చిన్ననాటి కబుర్లు చెప్పేది. వాళ్ళ నాన్న డాక్టరు. పసిపిల్లగా ఉన్నప్పుడే ఆవిణ్ణి ఇంగ్లండు ఉత్తరాన ఒక మిల్లుల ఊరికి తీసుకెళ్ళాడు. రైలుపెట్టెల్లా ఒకదానికొకటి అతుక్కున్న ఎర్ర ఇటుక ఇళ్ళు. పొద్దున కురిసిన మంచు సాయంత్రానికి పొగగొట్టాల మసితో నల్లబడేది. ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మం మెట్టుని రాయి పెట్టి తోమేవాళ్ళు. వాళ్ళమ్మ మామిడికాయ దొరక్క పుల్ల ఆపిల్‌తో ఆవకాయ పెట్టేది. కూరగాయల కొట్టువాడు వచ్చినవాళ్ళందరినీ "లవ్" అని పిలిచేవాడు. అది అక్కడి మర్యాద. ఆ సంగతి తెలియక వాళ్ళ నాన్న కొన్నాళ్ళు భార్యని ఆ కొట్టు వైపు పోనివ్వలేదు. ఇలా నవ్వుతూ నవ్వుతూ ఒకచోటికి వచ్చేసరికి ఆగిపోయేది.

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త సంవత్సరం రోజు గడప మొదట దాటేది నల్లజుట్టు మగవాడు కావాలి. చేతిలో బొగ్గు, రొట్టె, ఉప్పు ఉండాలి. అతను లోపలికి వచ్చేదాకా ఇంట్లోవాళ్ళు బయట అడుగు పెట్టకూడదు. వీళ్ళింటికి బొగ్గు బస్తాలు తెచ్చి వేసే ఆర్థర్ అంకులే ఏటా వచ్చేవాడు. ఒక్క ఏడు రాలేదు. ఆస్పత్రిలో ఉన్నాడని, అక్కడే పోయాడని తర్వాత తెలిసింది. ఆ పొద్దున ఎవరికో జబ్బు చేసిందంటే నాన్న ఆగకుండా బయటికి వెళ్ళాడు. ఆ చలికాలం దాటకుండానే ఆవిడ తమ్ముడు జ్వరంతో పోయాడు.

"నమ్ముతున్నానో లేదో నాకే తెలీదు అప్పన్నా. ఈ బిడ్డ విషయంలో మాత్రం రిస్క్ తీసుకోలేను. నువ్వు రా."

అప్పన్న అంటే నేనే. నలుపు చూసి నన్నొక శుభకార్యానికి పిలవడం పుట్టి అదే మొదలు. మా వైపు ఏడాది మొదటిరోజు బొగ్గుతో గుమ్మం ఎక్కితే చీపురు తిరగేస్తారని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. సరేనన్నాను.

అది రెండువేల సంవత్సరం మొదలయ్యే రోజు. తేదీ మారగానే కంప్యూటర్లకి పిచ్చెక్కుతుందని బ్యాంకులు మనుషుల్ని రాత్రంతా కూర్చోబెట్టాయి. ఆంటీ వాళ్ళాయనా అక్కడే. ఆయన ఇంటికి చేరేలోపు నేను వెళ్ళాలి. ఆయనది బట్టతల, ఆ తల మీద నలుపుకీ తెలుపుకీ తగువే లేదు.

పొద్దున్నే షాపులో తందూరీ పొయ్యి దగ్గర ఒక బొగ్గు ముక్క తీశాను. ఉత్త బొగ్గు పట్టుకెళ్ళడానికి మనసొప్పలేదు. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, రొట్టె, ఉప్పుతో కలిపి పసుపుగుడ్డలో మూటకట్టాను. కొత్తగా వేసిన చిన్న రైలెక్కి, చెప్పిన వేళకే వాళ్ళ బ్లాక్‌లో లిఫ్ట్ దిగాను.

దిగగానే వరండా చివర గోల వినిపించింది. పక్కింటి మలయ్ పెద్దావిడ, మేమంతా మక్చిక్ అంటాం, ఆంటీ వాళ్ళ ఇనప గ్రిల్లు పట్టుకుని ఊపుతోంది. "ఓపెన్ లా, గర్ల్. బేబీ కమింగ్. ఓపెన్ లా." లోపల్నుంచి ఆంటీ మూలుగు, మధ్యమధ్య "నాట్ యెట్, మక్చిక్, నాట్ యెట్" అన్న మాట.

నెలలు నిండకుండా నొప్పులొచ్చాయి. మక్చిక్‌ది తెల్లజుట్టు, పైగా ఆడమనిషి. ఆంటీ ఆవిణ్ణి లోపలికి రానివ్వడం లేదు, తను బయటికి రావడం లేదు.

పరిగెత్తాను. వరండాలో నాకు ముందు ఒక మనిషి నడుస్తున్నాడు. లిఫ్ట్‌లో నేనొక్కణ్ణే వచ్చాను. అతను ఎటునుంచి వచ్చాడో చూడలేదు. మందపాటి నల్ల కోటు, టోపీ. ఈ ఊరి ఉక్కలో కోటేమిటి అనుకున్నాను. ఎడమ భుజం కుడిదానికంటే బాగా కిందికి దిగి ఉంది. అంత పెద్ద బూట్లకి చప్పుడు లేదు. నేను పరిగెడుతున్నా, నడిచే మనిషిని అందుకోలేకపోయాను. మక్చిక్ పక్కనుంచి వెళ్ళి గుమ్మంలోకి తిరిగాడు. ఆవిడ తల కూడా తిప్పలేదు.

నేను చేరేసరికి గ్రిల్లు తీసి ఉంది, మక్చిక్ ఇంకా గడప బయటే ఉంది. ఆంటీ తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని నేలమీద కూర్చుని ఉంది. గదిలో మరో మనిషి లేడు. లోపలంతా పొగవాసన. గడప అవతల టైల్స్ మీద నల్లగా మెరుస్తూ ఒక బొగ్గు ముక్క.

నా మూట ఇంకా నా చేతిలోనే ఉంది, ముడి విప్పలేదు. పైగా నాది కర్రబొగ్గు. అది రాక్షసి బొగ్గు. రైలుపట్టాల పక్క పెరిగినవాణ్ణి, ఇంజన్లు రాల్చిన బొగ్గు ఏరి అమ్మకి పొయ్యిలోకి తెచ్చినవాణ్ణి; ఈ ఒక్క విషయంలో నేను పొరపాటు పడను.

"వచ్చాడు," అంది ఆంటీ. "ఇంక పద."

ఆలోచించే తీరిక లేదు. బియ్యం బస్తాలు మోసిన చేతులతో ఆవిణ్ణి ఎత్తుకున్నాను. మక్చిక్ ముందు పరిగెత్తి లిఫ్ట్ ఆపి పట్టుకుంది. టాక్సీలో ఆవిడ నా చెయ్యి నొక్కిన నొక్కుకి వేళ్ళు విరిగాయనుకున్నాను. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదని డాక్టరమ్మ ఆంటీ వాళ్ళాయనతో అంది. ఆడపిల్ల. గాజుపెట్టెలో పెట్టారు. కొన్ని వారాలకి ఇంటికొచ్చింది.

మక్చిక్‌ని ఎన్నోసార్లు అడిగాను. తన పక్కనుంచి ఎవరూ వెళ్ళలేదంటుంది. ఆంటీ ఉన్నట్టుండి మక్చిక్ భుజం మీదుగా చూసి, తలూపి, తనే తాళం తీసిందట. ఆ తర్వాత వచ్చింది నేనేనట. తప్పులు వెతకడమే ఉద్యోగమైన ఆంటీ వాళ్ళాయన, ఆ బొగ్గు పక్కన కడుతున్న బిల్డింగ్ నుంచి వచ్చిందేమో అన్నాడు. వెళ్ళి అడిగాడు కూడా. అక్కడ బొగ్గుతో ఎవరికీ పనిలేదు. ఇప్పటికీ అది వాళ్ళ బీరువాలో ఉంది.

భుజం సంగతి ఆంటీకి చెప్పాను. ఏళ్ళ తరబడి బస్తాలు మోసి ఆర్థర్ అంకుల్‌కి ఎడమ భుజం కుంగిపోయిందట. ఆ మాట అంతకుముందు నాతో ఎప్పుడూ అనలేదు. అనలేదని ఆవిడా అంటుంది. ఇదెలా జరిగిందో వెతికి వెతికి మానేశాను.

పాప నామకరణం నాడు వాళ్ళింట్లో బూరెలు వేస్తూ, లోపలి బెదురు దాచుకోవడానికే కావచ్చు, ఆంటీని ఆటపట్టించాను. నా నలుపు చాలక ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నారు కదా, మరి బొగ్గు మూటతో నాకా రైలు తిప్పలెందుకు అన్నాను.

ఆవిడ పాపని భుజాన వేసుకుని నా వైపు చూసింది.

"ఆయన లోపలికి రావడం వరకే అప్పన్నా. నన్ను కిందికి మోసుకెళ్ళడానికి ఊపిరున్నవాడు కావాలిగా."